టోపీ పెట్టుకోనన్న పిల్లవాడు

కాలిఫోర్నియా నుంచి ఒక సోషల్ టీచర్ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఈమెది గుంటూరు వైపు. చరిత్రలో ఎం.ఏ. చేసి, విజయవాడలో నాలుగేళ్ళు పాఠాలు చెప్పి, పెళ్ళయ్యాక అమెరికా వెళ్ళారు. పిల్లలు కాస్త పెద్దయ్యాక అక్కడి టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి, పోయినేడాది ఒక ప్రభుత్వ మిడిల్ స్కూల్లో చేరారు. ఆరో తరగతికి సోషల్ చెబుతారు. ఆ రాష్ట్రంలో ఆరో తరగతి అంటే ప్రాచీన నాగరికతలు. మెసపొటేమియా, ఈజిప్టు, గ్రీసు, ఇండియా, చైనా, రోమ్ అన్నీ ఒక్క ఏడాదిలో. చైనాకు దక్కేది మహా అయితే నాలుగు వారాలు.

ఆ స్కూల్లో ఎప్పటినుంచో ఒక ఆనవాయితీ ఉంది. చైనా పాఠం అయిపోగానే ఫిబ్రవరిలో 'చైనా డే' చేస్తారు. పిల్లలందరికీ అట్టతో చేసిన కోసు టోపీలు, తలా ఒక ఫార్చ్యూన్ కుకీ (లోపల చీటీ ఉండే బిస్కెట్టు), ఇంటర్నెట్‌లో వెతికి చైనా లిపిలో రాసిన పేర్లు. తలుపు దగ్గర వంగి నమస్కారం పెట్టి లోపలికి రావాలి. ఎవరో ఇచ్చిన కిమోనో కూడా ఒకటుంది, దాన్ని టీచరు వేసుకుంటారు. ఫొటోలు తల్లిదండ్రులకు పంపుతారు. పోయినేడాది ఈమె కొత్త. సీనియర్ టీచర్ ఎలా చెబితే అలా చేశారు.

ఆ రోజు చైనా కుటుంబానికి చెందిన ఒక అబ్బాయి టోపీ పెట్టుకోనన్నాడు. సరదాకే కదా అని ఈమె రెండోసారి చేతికిచ్చారు. వాడు బాత్‌రూమ్‌కని వెళ్ళి పీరియడ్ అయ్యేదాకా తిరిగి రాలేదు. ఆ రాత్రి వాళ్ళమ్మ నుంచి మెయిల్ వచ్చింది. కోపంగా లేదు. 'మా అబ్బాయి ఇంటికొచ్చి, వాళ్ళు అనుకునే మనం ఇదేనా అని అడిగాడు. ఏం చెప్పమంటారు?' అని మాత్రమే ఉంది. ఈమె జవాబు రాయలేదు. ఇప్పటికీ రాయలేదు. అదే వారం ఒక కొరియా అమ్మాయి 'మా పాఠం ఎప్పుడొస్తుంది?' అని అడిగితే 'వచ్చే ఏడాది' అని నవ్వేశారట.

తరువాత రెండు నెలలకు ఇంకో స్కూల్లో ఆరో తరగతి చదివే సొంత కూతురు ఇండియా పాఠం విని ఇంటికొచ్చింది. పక్కసీటు పిల్ల 'మీరు ఏ కులం? పైదా, కిందదా?' అని అడిగిందట. ఈమె ఆ టీచర్‌కు ఘాటుగా మెయిల్ రాశారు. పంపాక, తనకు వచ్చిన మెయిల్ గుర్తొచ్చింది. అప్పటినుంచి మనసు మనసులో లేదు.

ఇప్పుడు మళ్ళీ చైనా డే వస్తోంది. ఈమె ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. వచ్చే ఏడాదికి ఉంచుతారో లేదో మార్చి 15లోగా చెబుతారు. 'అందరూ చేసేదే కదా, నీ ఒక్కదానికెందుకు టెన్షన్' అంటారు భర్త. ఈ చైనా డే వద్దని చెప్పాలా, నోరు మూసుకుని చేసెయ్యాలా, ఆ తల్లినే పిలిచి పాఠం చెప్పించాలా? అసలు చైనా ముఖం చూడని నేను ఆ పాఠం చెప్పడానికి తగినదాన్నేనా? ఇవీ ఈమె ప్రశ్నలు.

*

టీచర్ గారూ,

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై ఎనిమిదేళ్ళు సోషల్ చెప్పాను. చైనా అనగానే పిల్లలతో రెండు మాటలు బట్టీ పట్టించేదాన్ని. హొయాంగ్‌హో నది చైనా దుఃఖదాయని, చైనా గోడ చంద్రుడి మీంచి కనిపిస్తుంది. రెండోది అబద్ధమని రిటైరయ్యాక తెలిసింది. కాబట్టి తప్పు పాఠం చెప్పిన టీచర్లలో నేను మీకంటే సీనియర్ని.

మీకు మూడు బాధలున్నాయి. ఆ అబ్బాయిది ఒకటి, ఉద్యోగానిది ఒకటి, మీ అమ్మాయిది ఒకటి. మూడింటినీ ఒకే మూటలో కట్టి నెత్తిన పెట్టుకున్నారు. విప్పి చూద్దాం.

ముందు టోపీ సంగతి. అలాంటి టోపీ వరిచేలలో పనిచేసే రైతులు ఆసియాలో చాలా దేశాల్లో పెట్టుకుంటారు, దానిలో తప్పేమీ లేదు. కానీ మీరున్నది కాలిఫోర్నియా. చైనా కూలీలను దేశంలోకి రానివ్వకూడదని అమెరికా 1882లో చట్టం చేసింది. 1943 దాకా అది ఎత్తెయ్యలేదు. ఆ రోజుల్లో పత్రికల్లో చైనావాళ్ళను ఎగతాళి చేస్తూ వేసిన బొమ్మల్లో ఆ టోపీ, ఆ పిలక తప్పనిసరి. పదకొండేళ్ళ పిల్లవాడికి ఈ చరిత్ర తెలియకపోవచ్చు, వాళ్ళమ్మకు తెలిసే ఉంటుంది. మీకు తెలియదు. తెలియక చేసిన దానికి ఏడాదిపాటు కుమిలిపోనక్కర్లేదు. అయితే రెండోసారి చేతికిచ్చారు చూడండి, అది మాత్రం తెలియక చేసింది కాదు. పిల్లవాడి ముఖం చూసి కూడా ఇచ్చారు. మిమ్మల్ని ఇన్నాళ్ళూ పొడుస్తున్నది అదేనని నాకనిపిస్తోంది.

కిమోనో జపాన్‌ది. ఫార్చ్యూన్ కుకీ కూడా చైనాది కాదు. క్యోటో వైపు చీటీ పెట్టి చేసే ఒక రకం బిస్కెట్టు కాలిఫోర్నియాకు వలస వచ్చి చైనా హోటళ్ళలో స్థిరపడింది. మన గోబీ మంచూరియా లాంటిదే. మంచూరియాలో ఎవరికీ తెలియని మంచూరియా! అంటే మీ చైనా డేలో చైనా ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇది తప్పు పట్టడానికి అనడం లేదు. ఈ సంగతి తరువాత మీకు మీటింగులో పనికొస్తుంది.

ఇక మీ అమ్మాయి విషయం. నా మాట మీకు నచ్చకపోవచ్చు. కులం గురించి చెప్పకుండా ఇండియా పాఠం చెప్పలేం. ఆ టీచరు కులం ఊసెత్తడం తప్పు కాదు. ఆ పాఠంలో కులం తప్ప మనుషులు లేకపోవడం తప్పు. పాఠం పూర్తయ్యాక పక్క పిల్లకు మీ అమ్మాయిని అడగడానికి ఆ ఒక్క ప్రశ్నే మిగిలింది. మీ అబ్బాయికేమో టోపీ మిగిలింది. (మీ అబ్బాయి అనే అన్నాను. క్లాసులో ఉన్నంతసేపు వాడు మీవాడే.) రెండు చోట్లా జరిగింది ఒకటే. ఒక దేశపు మనుషులు ఏం ఆలోచించారు, దేనికి పోట్లాడుకున్నారు, దేనికి భయపడ్డారు అన్నది వదిలేసి, పైకి కనిపించేది ఒక్కటి పట్టుకున్నారు.

మరి ఏం చెప్పాలి? మీకు సరుకు కొరత లేదు. నాలుగు వారాలే కదా అని అన్నీ కుక్కకండి. కొంచెం చాలు.

నేనైతే ఎముకలతో మొదలుపెడతాను. క్రీస్తుపూర్వం 13వ శతాబ్దంలో షాంగ్ రాజులు ఎద్దు భుజం ఎముకలను, తాబేలు చిప్పలను ప్రశ్న అడుగుతూ కాల్చి, వచ్చిన పగుళ్ళను బట్టి జోస్యం చూసి, ఆ ప్రశ్నలను వాటి మీదే చెక్కించేవారు. వాన పడుతుందా, పంట పండుతుందా, యుద్ధానికి వెళ్ళొచ్చా, చివరికి రాజుగారి పంటినొప్పి ఎందుకొచ్చింది. ఈ ఎముకలు చాలాకాలం మందుల అంగళ్ళలో 'డ్రాగన్ ఎముకలు' పేరుతో అమ్ముడయ్యాయి. 1899లో గానీ వాటి మీద ఉన్నది రాత అని పండితులు గుర్తించలేదు. ఇప్పటికి లక్షన్నర ముక్కలు దొరికాయి. సూర్యుడు, చంద్రుడు, కొండ, వాన లాంటి గుర్తులు చూపించి ఇవేమిటో మీరే కనుక్కోండి అనండి. ఇంటర్నెట్‌లో పేర్లు రాయించడం కంటే ఇది వంద రెట్లు నయం. ఆ వెబ్‌సైట్లు పిల్లల పేర్లకు ఏ అర్థం అంటగడతాయో ఎవరికి తెలుసు!

ఆ ఎముకల్లో ఒకటుంది. రాజు వూడింగ్ భార్య ఫూ హావోకు కాన్పు ఎలా అవుతుందని అడిగారు. ఫలానా రోజున అయితే శుభం అన్నాడు రాజు. ముప్పై ఒకటో రోజున ప్రసవించింది. కింద ఫలితం చెక్కారు: 'మంచి జరగలేదు. ఆడపిల్ల.' ఇది చదివి ఊరుకోండి. క్లాసులో ఆడపిల్లలే గోల మొదలుపెడతారు. గోల ఆగాక చెప్పండి, ఇదే ఫూ హావో పదమూడు వేల సైన్యంతో యుద్ధానికి వెళ్ళిన సేనాని అని కూడా ఎముకలే చెబుతున్నాయని. 1976లో అన్యాంగ్‌లో ఆమె సమాధి దొరికింది. దొంగలు ముట్టని సమాధి. నాలుగు వందలకు పైగా కంచు వస్తువులు, ఏడు వందల యాభైకి పైగా జేడ్ రాయి వస్తువులు, దాదాపు ఏడు వేల గవ్వలు. ఆమెతోపాటు పాతిపెట్టిన మనుషులు కూడా ఉన్నారు. అది దాచకండి, అయితే దానితోనే మొదలుపెట్టకండి. కులం విషయంలో మీ అమ్మాయి టీచర్ ఎలా చేసి ఉంటే బాగుండేదో మీకు తెలుసు కదా, అలాగే.

ఒక జాగ్రత్త. ఎముకలు కాల్చినట్టు నటించి జోస్యం చెప్పించడం, పూర్వీకులకు దండం పెట్టించడం వద్దు. అక్కడి ప్రభుత్వ బడిలో మతాల గురించి చెప్పొచ్చు గానీ ఆచరింపజేయకూడదు. తలుపు దగ్గర వంగి దండాలు పెట్టించే ఆ కార్యక్రమం కూడా ఈ లెక్కన పోతే పీడా పోతుంది.

తరువాత గొర్రె కథ. నాకు చాలా ఇష్టమైంది. కన్ఫ్యూషియస్ అనే చైనా తత్వవేత్త (క్రీ.పూ. 551-479) దగ్గర ఒక ప్రాంతపు పాలకుడు గొప్పలు పోయాడు. 'మా దగ్గర ఎంత నిజాయితీపరుడున్నాడంటే, తండ్రి గొర్రెను దొంగిలిస్తే కొడుకే సాక్ష్యం చెప్పాడు' అని. కన్ఫ్యూషియస్ అన్నాడు, మా వైపు నిజాయితీ ఇంకోలా ఉంటుంది, తండ్రి కొడుకును కాపాడతాడు, కొడుకు తండ్రిని కాపాడతాడు అని. రెండున్నర శతాబ్దాల తరువాత హాన్ ఫేయి అనే ఆలోచనాపరుడు ఇదే కథ ఎత్తుకుని, అలా అయితే ఇక రాజ్యం ఎలా నడుస్తుంది అన్నాడు. చట్టం ముందు తండ్రీ లేడు కొడుకూ లేడు అనే ఆ దారినే నడిచిన చిన్ రాజ్యం క్రీ.పూ. 221లో చైనా మొత్తాన్ని ఒక్కటి చేసింది. పదిహేనేళ్ళకే కూలిపోయింది.

'మీ నాన్న గొర్రెను దొంగిలించాడు. పోలీసులు వచ్చి అడిగారు. నువ్వేం చెబుతావు?' ఈ ఒక్క ప్రశ్న బోర్డు మీద రాస్తే ఆరో తరగతి రెండు ముక్కలవుతుంది. మనకు 'ఇంటి గుట్టు లంకకు చేటు' అంటూ విభీషణుడి మీద ఇప్పటికీ తగువు తెగలేదు. అదే తగువు వాళ్ళకూ ఉంది. ఇందులో టోపీ పెట్టుకోవాల్సిన పని ఎవరికీ లేదు. ఆ అబ్బాయి లాంటివాడు కూడా అందరిలాగే ఒక పక్షం తీసుకుని వాదిస్తాడు.

చిన్ చక్రవర్తి తూనికలు, కొలతలు, బండి ఇరుసుల వెడల్పు, లిపి అన్నీ ఒకటి చేశాడని పాఠంలో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని ఆటగా మార్చండి. ఒక్కో గుంపు తమలో ఒకరి జానతో గది పొడవు కొలవాలి. లెక్కలు కలవవు, పోట్లాట మొదలవుతుంది. అప్పుడు ఒకడిని చక్రవర్తిని చేసి, వాడి జానే కొలత అనండి. ఏం బాగుపడింది, ఎవరికి కోపం వచ్చింది అని అడగండి. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడిన మట్టి సైన్యం గురించి మీరు చెప్పకపోయినా పిల్లలే చెబుతారు, వాళ్ళు వీడియోలు చూసే ఉంటారు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి.

పోయినేడాది లాగే చేసెయ్యొచ్చు. మార్చి 15 దాకా ఎవరితోనూ మాట రాదు. కానీ క్లాసులో మళ్ళీ ఒకరు ఉంటారు, ఈసారి మీకు తెలిసి జరుగుతుంది. మీ ఉత్తరం చదివాక, ఇది మీరు తట్టుకోలేరనే అనుకుంటున్నాను.

డిపార్ట్‌మెంట్ మీటింగులో లేచి 'ఇది అవమానకరం, ఆపెయ్యాలి' అనొచ్చు. మాట న్యాయమే. వినేవాళ్ళకు మాత్రం 'ఇన్నేళ్ళుగా మీరంతా అవమానం చేస్తున్నారు' అని వినిపిస్తుంది. పర్మనెంట్ కాని మనిషి నోట అది ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఈ దారి ఎంచుకుంటే ముందుగా మీ యూనియన్ ప్రతినిధితో మాట్లాడండి. ఆ తల్లి మెయిల్‌ను మాత్రం అక్కడ బయటపెట్టకండి. ఆమె మీకు రాసింది, మీటింగుకు రాయలేదు. ఆమెను అడగకుండా వాడుకుంటే ఆ పిల్లవాణ్ణి మళ్ళీ అందరి ముందు నిలబెట్టినట్టే.

మూడోది, రోజు ఉంచి సరుకు మార్చడం. పండగ మానేద్దామంటే ఎవరూ వినరు. ఈసారి వంట నేను చూసుకుంటానంటే చాలామంది గరిటె సంతోషంగా చేతికిచ్చేస్తారు. ఇంకా నవంబరే కదా, ఇప్పుడే సీనియర్ టీచర్‌తో విడిగా కూర్చోండి. తప్పుల జాబితా చదవకుండా, కుకీ, కిమోనో రెండూ జపాన్ నుంచి వచ్చినవే అనే సంగతి నవ్వుతూ చెప్పండి. గొర్రె వాదన, జాన కొలత, ఎముకల రాత కాగితం మీద పెట్టి చూపించండి. ఫొటోలకూ లోటుండదు, వాదించుకునే పిల్లల ఫొటో టోపీ ఫొటో కంటే బాగా వస్తుంది. దీనిలో ఇబ్బందేమిటంటే పనంతా మీ నెత్తిన పడుతుంది, మెచ్చుకోలు పంచుకోవాల్సి వస్తుంది. ఆవిడ తన క్లాసులో టోపీలు మానకపోవచ్చు కూడా. అది ఈ ఏడాదికి సహించాలి.

ఆవిడ అసలు ఒప్పుకోకపోతే మీ గదిలో మీరు చేసుకోండి. 'పక్క క్లాసులో కుకీలిచ్చారు' అని పిల్లలు గునుస్తారు. కుకీలు మీరూ ఇవ్వండి, దాని అసలు కథ చెప్పి ఇవ్వండి. ప్రిన్సిపాల్‌కు మాత్రం ముందుగా ఒక ముక్క చెప్పి ఉంచండి. నేనైతే మూడోదే చేస్తాను. మీ స్కూలు, మీ మనుషులు నాకు తెలియదు, తేల్చుకోవాల్సింది మీరే.

ఆ తల్లిని పిలిచి పాఠం చెప్పించడం గురించి అడిగారు. నాకది నచ్చలేదు. ఎవరైనా తల్లి తనంతట తాను వస్తానంటే సంతోషం. నొచ్చుకున్న మనిషినే పిలిచి 'మీరే నేర్పండి' అంటే మీ బరువు ఆమె మీద వేసినట్టు. క్లాసులో కూడా చైనా పిల్లవాణ్ణి చూసి 'మీ ఇంట్లో ఎలా చేస్తారు?' అనకండి. షాంగ్ రాజుల గురించి వాడికి ఎంత తెలుసో పక్కవాడికీ అంతే తెలుసు. శాతవాహనుల గురించి మీ అమ్మాయిని అడిగితే?

కొరియా అమ్మాయికి 'వచ్చే ఏడాది' అన్నారు. ఏడో తరగతిలో మధ్యయుగ చైనా, జపాన్ వస్తాయి, కొరియా దారిలో వెళ్తూ కిటికీలోంచి కనిపించినట్టు ఉంటుంది. సిలబస్ మార్చడం మీ చేతిలో లేదు. కానీ మీ సిలబస్‌లోనే బౌద్ధం చైనాకు చేరడం ఉంది కదా, అక్కడ ఒక్క పీరియడ్ పొడిగించండి. చైనా నుంచి కొరియాకు, 6వ శతాబ్దంలో కొరియాలోని బెక్జే రాజ్యం నుంచి జపాన్‌కు. ఆ దారిలో పుస్తకాలు, శిల్పులు, లిపి అన్నీ నడిచాయి. కొరియాలోనే ఇంకో రాజ్యం సిల్లా, దాని రాజధాని గ్యోంగ్జులో నక్షత్రాలను చూడటానికి కట్టిన 7వ శతాబ్దపు వేధశాల ఇప్పటికీ నిలబడి ఉంది, అది కట్టించిన కాలంలో ఏలినది సొందొక్ అనే రాణి. ఫూ హావో కోసం గోల చేసిన ఆడపిల్లలకు ఆమెను పరిచయం చెయ్యండి. అయోధ్య యువరాణి కొరియా వెళ్ళి మహారాణి అయిందని మన వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, దాన్ని మాత్రం చరిత్రగా చెప్పకండి. 13వ శతాబ్దపు కొరియా గ్రంథంలో ఉన్న పాత గాథ అది. గాథ అని చెబితే ఇబ్బంది లేదు.

'చైనా ముఖం చూడని నేను తగినదాన్నేనా' అన్నారు. ఈజిప్టు ముఖం చూశారా? రోమ్ చూశారా? ఆ పాఠాలప్పుడు ఈ సందేహం రాలేదు, ఎందుకంటే ఫారో తల్లి మెయిల్ రాయదు. అంతే తేడా. పైగా మీది గుంటూరు వైపు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన 3వ శతాబ్దపు శాసనంలో, బౌద్ధం చేరిన దేశాల వరుసలో కశ్మీరం, గాంధారం పక్కనే 'చీన' అన్న పేరుంది. నాగార్జునుడి గ్రంథాలను 5వ శతాబ్దం మొదట్లో కుమారజీవుడనే భిక్షువు చైనా భాషలోకి తెచ్చాడు. హుయాన్‌త్సాంగ్ మన ధాన్యకటకం దాకా నడిచొచ్చాడు. 752లో జపాన్‌లోని నారాలో మహాబుద్ధుడి విగ్రహానికి కళ్ళు దిద్దినవాడు బోధిసేనుడనే భారతీయ భిక్షువు. ఇవన్నీ మీకు ధైర్యం రావడానికి చెబుతున్నాను, క్లాసులో చెప్పడానికి కాదు. ఒకటి చెప్పండి, చాలు. అన్నీ చెబితే చైనా పాఠం కాస్తా ఇండియా గొప్పల పాఠం అయిపోతుంది, మనవాళ్ళకు ఆ జబ్బు తొందరగా అంటుకుంటుంది.

ఆ మెయిల్‌కు జవాబు ఈ వారమే రాయండి. ఆలస్యమైనందుకు ఒక వాక్యం, టోపీ రెండోసారి ఇచ్చినందుకు ఒక వాక్యం, ఈ ఏడాది ఏం మారుస్తున్నారో ఒక వాక్యం. మీ అమ్మాయి కథ అందులో రాయకండి, 'నాకూ ఇలాగే జరిగింది' అంటే ఆమె మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఆమె జవాబివ్వకపోతే మళ్ళీ రాయొద్దు. మీ అమ్మాయి టీచర్‌కు మాత్రం ఇంకో మెయిల్ బాకీ ఉన్నారు. ఘాటు తీసేసి, విషయం ఉంచి, వచ్చే ఏడాది పాఠానికి పనికొచ్చేది ఏదైనా జతచేసి పంపండి.

ఆ అబ్బాయి ఇప్పుడు ఏడో తరగతి, వరండాలో ఎదురుపడుతుంటాడు, చూపు తిప్పుకుంటున్నానని రాశారు. వాణ్ణి గదికి పిలిపించి కూర్చోబెట్టి క్షమాపణలు చెప్పకండి, పదకొండు పన్నెండేళ్ళ పిల్లలకు అంతకంటే నరకం లేదు. మీ గదిలో టోపీలు నిజంగా మానేశాక, ఎదురైనప్పుడు నడుస్తూనే అనండి: 'పోయినేడాది టోపీ వద్దన్నావు చూడు, నువ్వన్నదే రైటు. ఈసారి తీసేశాను.' వాడు భుజాలెగరేసి వెళ్ళిపోతాడు. వెళ్ళనివ్వండి.